ఏ మాటకు ఏ తోడు

నయీంనగర్‌ల జిరాక్స్ షాపు మీద
రేకుల గది.
నుస్రత్ మేడం బోర్డు మీద ఒక్క మాట రాసి
పక్కన జాగ విడిచిపెట్టేది.
"ఇక్కడ ఎవలు కూసోవాలె?"

నేను చెయ్యెత్తి స్ట్రాంగ్లీ అన్న.
"రికమెండ్ పక్కన అయితే స్ట్రాంగ్లీనే.
రిగ్రెట్ దాన్ని రానియ్యదు బిడ్డా, అక్కడ డీప్లీ.
చలి పక్కన బిటర్లీ.
జరుగదేమో అన్న మాటకు హైలీ."
ఎందుకట్ల అంటే
చాక్‌పీసు పొడి దులుపుకుంట అన్నది:
"ఎందుకు లేదు. అలవాటు పడ్డరు."

నాకు మంటలేసింది.
అర్థం సరిపోతే సాలదా?
చలికి చేదు ఎవలు పూసిన్రు?

ములుగు రోడ్డు మీద షేర్ ఆటోల
ఒక మోకాలు బయట పెట్టి కూసున్నంక
నన్ను నేనే అడుగుకున్న.
మా సుగుణ చిన్నమ్మ పగలబడి నవ్వుతది,
పగలబడి ఏడ్వదు.
ఏడ్సుడైతే భోరున.
ఆమె చంటిది గుక్కపట్టి.
చీకటైతే చిమ్మచీకటి, ఎండైతే మండుటెండ,
కటిక అన్న మాట
ఒకపారి చేదు పక్కన, ఒకపారి దరిద్రం పక్కన,
ఒకసారి నాలుక మీద, ఒకసారి ఇంట్ల.
ఇవన్ని నాకు ఎవలు చెప్పిన్రు?
ఏ రేకుల గదిల, ఎంత ఫీజుకు?

బాపు కూడ అంతే.
ఎరుపు పక్కన ఒక పసుపు పోగు వేసి
మెడ వంచి చూస్తడు,
విప్పేస్తడు.
"కండ్లల్ల గుచ్చుకుంటున్నది" అంటడు.
అంతకు మించి వ్యాకరణం లేదు ఆయన దగ్గర.

ఆ ఏడు శ్రావణంల
నాలా ఎదురెక్కి కొత్తవాడల జొచ్చింది.
బాపు కాళ్లు పెట్టే మగ్గం గుంటల
కప్ప ఈదింది.
నలభై జంపఖానాలు.
ఎరుపు తెలుపులకు, నీలం ఎరుపులకు
అడుగకుంట పోయి కూసున్నయి.

ఇన్సూరెన్సు దరఖాస్తు ఇంగ్లీషుల కావాలన్నరు.
వెల్ది సాంబయ్య, నేత పని, అని రాసినంక
డ్యామేజ్డ్ పక్కన
నాకు ఒక ఖాళీ వచ్చింది.
కరెంటు లేదు. బాపు సెల్‌ఫోను లైటు పట్టిండు.
వెరీ అంటే మేడం ఊకోదు,
అది పని దొంగ మాట అంటది.
డీప్లీ, నీళ్లయితే లోతుగనే ఉండె,
కానీ కుదరదు.
బ్యాడ్లీ అని రాసిన.

"గంతేనా? మొత్తం పోయిందని పడ్డదా అండ్ల?"
మొత్తం అంటే కంప్లీట్లీ బాపు,
అది వస్తే పక్కకు డిస్ట్రాయ్డ్ రావాలె,
మగ్గం కర్రలు మిగిలినయి గద,
అబద్ధమైతది.
ఆయన ఏమనలే.
లైటు ఇంకొంచెం కిందికి వంచిండు.

సర్వేయరు బూట్లు విడువకుంట వచ్చిండు.
గుంటలకు తొంగి చూసిండు,
చాయ తాగిండు,
తడిసిన ఒక అంచును రెండేళ్లతోని లేపి విడిచిండు.
నెల దాటినంక కాయిదం.
డ్యామేజ్డ్ పక్కన
ఆయన కూసోబెట్టిన మాట
స్లైట్లీ.

మేడంకు చూపెట్టిన.
అద్దాలు ముక్కు మీదికి జరిపి రెండుసార్లు చదివింది.
"తప్పు లేదు" అన్నది.
"జత సక్కగ కుదిరింది."
ఇంకేదో అనబోయి
బోర్డు దిక్కు తిరిగి నిన్నటి పాఠం తుడిచింది,
తుడిచిన జాగనే మళ్ల తుడిచింది.

ఇంటికి వస్తే బాపు అరుగు మీద
తడి నూలు చిక్కు తీసుకుంట ఉన్నడు.
"ఆ ఇంగ్లీషు మాటకు మన దాంట్ల ఏందే?"
కొద్దిగ, అన్న.
"కొద్దిగ" అని ఆయన ఒకసారి అనుకున్నడు,
రంగు సరిచూసినట్టు మెడ వంచి.
పక్కున నవ్విండు.

పక్కున ఏడ్సుడు అన్న జత
ఏ వాడల వినలే నేను.
ఆ రోజు చూసిన.